కుటుంబ జీవితము: గర్భము నిలుచు దినములను ఎరుగుట



ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ప్రార్థన మనవుల చీటీలు మా చేతికి వచ్చును. అప్పు తీరవలెనని, పంట చేతికి రావలెనని, కుమారునికి ఉద్యోగము దొరకవలెనని వ్రాసినవి వాటిలో చాల ఉండును. వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి తరచుగా కనబడును. పేరు ఉండదు. "సంతానము కొరకు" అను రెండు మాటలే ఉండును. ఆ రెండు మాటల వెనుక ఎన్ని కన్నీళ్లున్నవో, అత్తవారింట ఎన్ని సూటిపోటి మాటలున్నవో కాపరులమైన మాకు కొంత తెలియును.

ఈ మాసము ఆ చీటీలు వ్రాసినవారి కొరకు, వారి తలిదండ్రుల కొరకు, అత్తమామల కొరకు ఈ శీర్షికను వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము, వేదాంత విద్య నేర్చిన కాపరులము. అయినను ఈ విషయములో మన గ్రామములలోని దంపతులకు తెలియవలసిన సులభమైన సంగతులు కొన్ని ఉన్నవి. అవి తెలియక ఏండ్ల తరబడి దుఃఖపడువారిని చూచుచున్నాము గనుక, వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్న వాటిని మాత్రమే మీ ముందుంచుచున్నాము. భార్యాభర్తలు కలిసి కూర్చుండి చదువుకొనవలెనని మా మనవి.

ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు

సంఘ పత్రికలో ఇట్టి మాటలా అని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున మనకంటె ధైర్యముగా మాట్లాడినది. లేవీయకాండము 15వ అధ్యాయములో స్త్రీ బహిష్టు దినముల గూర్చిన నియమము దాపరికము లేకుండ వ్రాయబడినది. తరువాతి కాలపు యూదు బోధకులు ఆ నియమమును మరికొంత పొడిగించి, రక్తస్రావము ఆగిన పిమ్మట ఏడు శుభ్రదినములు లెక్కించి, ఆ తరువాతనే భార్యాభర్తలు కలిసికొనవలెనని బోధించిరి. స్రావము అయిదు దినములుండిన స్త్రీకి ఆ లెక్క పన్నెండవ దినము దగ్గరకు వచ్చును. ఇరువది ఎనిమిది దినములకొకసారి బహిష్టు అగు స్త్రీకి గర్భము నిలుచు దినములు సరిగా ఆ ప్రాంతముననే ఉండునని నేటి వైద్యులు చెప్పుదురు. మనము ఆ నియమము క్రింద లేము. అయితే దేహమును గూర్చి, దినముల లెక్కను గూర్చి దేవుని జనులు సిగ్గుపడకుండ మాట్లాడుకొనిరని మాత్రము గుర్తింతము.

లెక్క ఎక్కడ తప్పుచున్నది?

మన ఇండ్లలో రెండు రకముల తప్పు లెక్కలున్నవి. ముట్టు స్నానమైన వెంటనే రెండు మూడు దినములు కలిసియుండిన చాలు, గర్భము నిలుచునని కొందరు అనుకొందురు. కొంత చదువుకొన్నవారేమో అందరికీ పదునాలుగవ దినమే ముఖ్యమని చెప్పుదురు. రెండు మాటలును చాలమంది స్త్రీల విషయమున సరిపడవు.

అసలు జరుగునదేమి? స్త్రీ కడుపులో గర్భసంచికి రెండు వైపుల రెండు అండాశయములున్నవి. సాధారణముగా నెలకొక అండము పక్వమై, వాటిలో ఏదో ఒకదాని నుండి విడుదలై గర్భనాళములోనికి వచ్చును. ఆ అండము బ్రదుకు కాలము పండ్రెండు మొదలు ఇరువదినాలుగు గంటలు మాత్రమే. ఆ కొద్ది సమయములో పురుషుని బీజకణము దానిని చేరవలెను. చేరనియెడల అండము కరగిపోవును, కొన్ని దినములకు తిరిగి బహిష్టు అగును.

పురుషుని బీజకణములు మాత్రము స్త్రీ దేహములో తగిన జిగురు ఉన్న దినములలో అయిదు దినముల వరకు బ్రదికియుండగలవు. కాబట్టి అండము రాకముందే అవి వచ్చి కాచుకొనియుండవచ్చును. అండము విడుదలైన మరునాటికి మాత్రము తలుపు మూసికొన్నట్లే. ఈ రెండు సంగతులను కలిపి చూచిన లెక్క తేలును. అండము విడుదలగు దినము, దానికి ముందు అయిదు దినములు, వెరసి ఆరు దినములు. ఒక నెలలో గర్భము నిలుచుటకు ఆస్కారము ఈ ఆరు దినములలోనే. వీటిలోను చివరి మూడు దినములు మిక్కిలి అనుకూలమైనవి.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో విల్‌కాక్స్ అను వైద్య పరిశోధకుడును ఆయన సహకారులును గర్భము కోరుచున్న 221 మంది స్త్రీలను శ్రద్ధగా పరిశీలించి 1995లో తమ ఫలితములు ప్రకటించిరి. నిలిచిన గర్భములన్నియు ఈ ఆరు దినముల కలయిక వలననే నిలిచినవని వారు కనుగొనిరి.

వెనుక నుండి లెక్కించవలెను

మరి అండము ఏ దినమున విడుదలగును? ఈ ప్రశ్నకు జవాబు 1920ల దశాబ్దములో దొరికినది. జపానులోని నీగాతా పట్టణమున ఒగినో అను వైద్యుడును, ఆస్ట్రియా దేశస్థుడైన క్నౌస్ అను వైద్యుడును, ఒకరి పని ఒకరికి తెలియకుండగనే ఒకే మాటకు వచ్చిరి. అండము విడుదలగు దినమును గడచిన బహిష్టు నుండి ముందుకు లెక్కింపరాదు, రాబోవు బహిష్టు నుండి వెనుకకు లెక్కింపవలెను. సుమారుగా పదునాలుగు దినములు వెనుకకు పోయిన ఆ దినము తగులును. కొందరికి ఒకటి రెండు దినములు ఇటు అటు కావచ్చును.

ఉదాహరణలు చూడుడి. బహిష్టు మొదలైన దినమును ఒకటవ దినముగా లెక్కపెట్టవలెను.

ఇరువది ఎనిమిది దినములకొకసారి బహిష్టు అగు స్త్రీకి అండము సుమారు 14వ దినమున విడుదలగును. అనుకూల దినములు 9 మొదలు 14 వరకు.

ఇరువదినాలుగు దినములకే బహిష్టు అగు స్త్రీకి సుమారు 10వ దినముననే విడుదలగును. అనుకూల దినములు 5 మొదలు 10 వరకు. ఈమె పదునాలుగవ దినము కొరకు కాచుకొనియుండిన ప్రతి నెలయు సమయము దాటిపోవుచునే యుండును.

ముప్పది అయిదు దినములకు బహిష్టు అగు స్త్రీకి సుమారు 21వ దినమున విడుదలగును. అనుకూల దినములు 16 మొదలు 21 వరకు. ఈమె స్నానమైన వెంటనే కలిసియుండిన దినములు ఏ మాత్రమును సరిపోవు.

ఒకే ఇంటిలో అక్కకు ఒక లెక్క, చెల్లెలికి మరియొక లెక్క ఉండును. తోడికోడలి లెక్క మీకు పనికిరాదు. పైగా ఒకే స్త్రీకి కూడ అన్ని నెలలును ఒకే రీతిగా ఉండవు. పైన చెప్పిన పరిశోధకులే 2000లో ప్రకటించిన మరియొక ఫలితము ప్రకారము, అనుకూల దినములన్నియు 10వ దినము మొదలు 17వ దినము లోపల ఇమిడియున్న స్త్రీలు నూటికి ముప్పదిమంది మాత్రమే. తక్కినవారికి ముందో వెనుకో ఉన్నవి.

ఇంట వ్రాసికొనవలసిన లెక్క

ఇందుకు ఖర్చు లేదు. మీరు బైబిలులో పెట్టుకొను చిన్న పుస్తకము చాలును. ప్రతి నెల బహిష్టు మొదలైన తేదీ వ్రాసికొనుడి. గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టిన ఇంటిలోని వారందరును చూచి లెక్కపెట్టుదురు గనుక పుస్తకమే మేలు. చేతి ఫోనులో లెక్క చూపు సాధనములు నేడున్నవి. అవి కూడ మీరిచ్చిన తేదీలను బట్టి అంచనా వేయునవే గాని మీ కడుపులోనికి చూచునవి కావు.

ఆరు నెలలు వ్రాసిన పిమ్మట, ఒక బహిష్టు మొదలు నుండి మరియొక బహిష్టు మొదలు వరకు ఎన్ని దినములో లెక్కించుడి. అన్నిటికంటె తక్కువ దినముల నెల నుండి 18 తీసివేయుడి. అది మీ మొదటి అనుకూల దినము. అన్నిటికంటె ఎక్కువ దినముల నెల నుండి 11 తీసివేయుడి. అది చివరిది. ఒక సహోదరికి తక్కువలో తక్కువ 27, ఎక్కువలో ఎక్కువ 31 దినములు వచ్చినవనుకొనుడి. 27లో 18 పోగా 9. 31లో 11 పోగా 20. ఆమె 9వ దినము మొదలు 20వ దినము వరకు గమనించుకొనవలెను. జూన్ 3వ తేదీన బహిష్టు మొదలైన యెడల జూన్ 11 మొదలు 22 వరకు అని అర్థము. ఆరు దినములు ఎక్కడ పడునో ముందుగా నిశ్చయముగా తెలియదు గనుక లెక్క ఇంత విశాలముగా వేయుదురు.

ఈ దినములలో దినము విడిచి దినము కలిసికొనిన చాలును. ప్రతిదినము కలిసికొనినను నష్టము లేదు. బలము కూడబెట్టవలెనని వారములకొలది దూరముగా ఉండుట వలన మేలు కలుగదు.

దేహమే చెప్పు గురుతు

పుస్తకము కంటె మంచి సాక్షి స్త్రీ దేహములోనే ఉన్నది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున జాన్ బిల్లింగ్స్ అను వైద్యుడు 1953లో ఈ పనిని ప్రారంభించి, తరువాత వైద్యురాలైన తన భార్య ఎవెలిన్‌తో కలిసి దీనిని లోకమునకు నేర్పెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశములలో దీనిని పరీక్షించినది. వాటిలో మన దేశపు బెంగుళూరు ఒకటి. 1981లో ప్రకటించిన ఫలితము ప్రకారము, చదువురాని స్త్రీలతో సహా నూటికి 93 మంది మొదటి నెలలోనే తమ గురుతును తాము గుర్తుపట్టగలిగిరి. చదువు రాదని మన తల్లులు వెనుదీయనవసరము లేదు.

గురుతు ఇది. బహిష్టు ఆగిన తరువాత కొన్ని దినములు పొడిగా ఉండును. పిమ్మట చిక్కని, అంటుకొను తడి కొంచెము కనబడును. ఆ తరువాత అది పలుచనై, తేటయై, జారుడుగా ఉండి, పచ్చి కోడిగ్రుడ్డులోని తెల్లసొన వలె రెండు వ్రేళ్ల మధ్య తీగ సాగును. ఈ జారుడు జిగురు కనబడు దినములే అనుకూల దినములు. జారుడుగా ఉండిన చివరి దినమునకు దగ్గరలోనే అండము విడుదలగును. పిమ్మట మరల చిక్కబడి పొడిబారును. మూత్రమునకు పోవునప్పుడు శుభ్రమైన గుడ్డతో తుడిచి చూచుకొనిన తెలియును.

ఇక్కడ ఒక మాట. ఈ జిగురును చూచి చాలమంది స్త్రీలు తెల్లబట్ట వ్యాధి అని భయపడి, ఒంటిలోని సత్తువ పోవుచున్నదని మందులు మ్రింగుదురు. నెలకు కొన్ని దినములు వచ్చు తేటయైన జిగురు రోగము కాదు, అది ఆరోగ్యమునకు గురుతు. దుర్వాసన, దురద, మంట ఉన్నను, పెరుగు విరిగినట్లుగాను పచ్చగాను ఉన్నను అది వ్యాధి. అప్పుడు తప్పక డాక్టరమ్మకు చూపించుకొనవలెను. శుభ్రత పేరిట లోపలి భాగమును సబ్బుతోను మందులతోను కడుగుకొనుట మంచిది కాదు.

ఉదయము లేవకముందు జ్వరము చూచు ధర్మామీటరుతో వేడిమి చూచుకొను పద్ధతి మరియొకటి ఉన్నది. అండము విడుదలైన తరువాత వేడిమి కొద్దిగా పెరుగును. అయితే పెరిగినట్లు తెలియునప్పటికి సమయము దాటిపోవును. అండము విడుదలగుచున్నదా లేదా తెలిసికొనుటకు మాత్రము పనికివచ్చును. మందుల షాపులో దొరకు మూత్ర పరీక్ష పట్టీలు ఒకటి ఒకటిన్నర దినము ముందుగా తెలుపును. వాటికి ఖర్చు ఉన్నది గనుక అందరికీ అవసరమని చెప్పము.

భర్త ఇంట లేని ఇల్లు

మా పరిచర్యలో ఎరిగిన ఒక కుటుంబమును గూర్చి చెప్పెదము. భర్త హైదరాబాదులో తాపీ పని చేయును. ప్రతి నెల మొదటి వారములో జీతపు డబ్బు తీసికొని ఇంటికి వచ్చి నాలుగు దినములుండి పోవును. పెండ్లియై మూడేండ్లు గడచినవి. అత్తగారు ప్రార్థన కూటములకు త్రిప్పిరి. చుట్టాలెవరో చెప్పిరని నాటు మందు త్రాగించిరి. కుమారునికి వేరొక పిల్లను చూడవలెనను మాట కూడ ఇంటిలో మొదలాయెను. ఆ సంగతి మా చెవిన పడినప్పుడు సంఘములో నర్సు పని చేయు సహోదరిని వారింటికి పంపితిమి. ఆమె ఒక్కటే అడిగెను. "అమ్మా, నీకు స్నానము ఏ తేదీలలో వచ్చును? ఆయన ఏ తేదీలలో ఇంట ఉండును?"

ఆ అమ్మాయికి ముప్పది దినములకొకసారి, నెల మొదటి రెండు మూడు తేదీలలో బహిష్టు అగుచుండెను. భర్త వచ్చునదియు ఆ దినములలోనే. ఆమె అనుకూల దినములు పన్నెండు పదిహేడు తేదీల మధ్య. ఆ దినములలో వారిద్దరును ఒక కప్పు క్రింద ఉండినదే లేదు! మూడేండ్ల కాపురములో లోపము ఆమెలోనూ లేదు, అతనిలోనూ లేదు. లోపము రాకపోకల తేదీలలో ఉన్నది. మేస్త్రీతో మాట్లాడుకొని అతడు నెల నడుమ వచ్చుట మొదలుపెట్టెను. ఆ సంవత్సరమే ఆమె నెల తప్పినది. అందరికీ ఇట్లే జరుగునని మేము చెప్పము. అయితే వైద్యునికి వేలు పోయకముందు, కోడలిని ఒక మాట అనకముందు ఈ ప్రశ్న అడుగవలెను గదా?

పాలమూరు నుండి ముంబయికి, పూనాకు కూలికి పోవువారు, శ్రీకాకుళము నుండి గుజరాతు తీరమునకు వేటకు పోవు మత్స్యకారులు, కోనసీమ నుండియు కడప నుండియు కువైటుకు, కరీంనగరు నిజామాబాదుల నుండి దుబాయికి పోవువారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. రెండేండ్లకు ఒకసారి సెలవు మీద వచ్చి, నెల దినములుండి పోయిన భర్త భార్యను "ఇంకను ఏమీ లేదా" అని ఫోనులో అడుగుట న్యాయము కాదు. సెలవు అడుగునప్పుడే భార్య తేదీలను అడిగి తెలిసికొనుడి.

1 సమూయేలు 1వ అధ్యాయములోని హన్నాను మనమందరము ఎరుగుదుము. ఆమె కన్నీటి ప్రార్థనను గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. ప్రార్థన తరువాత జరిగినదానిని మాత్రము త్వరగా దాటిపోవుదుము. వారు రామాలోని తమ ఇంటికి తిరిగివచ్చిరి, భార్యాభర్తలుగా కలిసియుండిరి. దేవుడు ఆమెను మరువలేదు. ప్రార్థనయు, కాపురమును ఒకదానికొకటి అడ్డు కావు. సంతానము కొరకు నలుబది దినములు ఉపవాసముండి, ఆ దినములన్నియు భర్తకు దూరముగా ఉండు సహోదరీలున్నారు. అందులో అనుకూల దినములు కూడ గడచిపోవును. తిండి బొత్తిగా మాని దేహము క్షీణించిన స్త్రీకి అండము విడుదలగుటయే ఆగిపోవచ్చును. ఉపవాసము మీ మనస్సాక్షికి సంబంధించినది. అయితే దేహమును ఎండగట్టుట ఈ విషయమున మీ మనవికే అడ్డము వచ్చునని ఎరుగుడి.

ఎంతకాలము ఓర్చుకొనవలెను?

ఆరోగ్యముగా ఉండి, వయస్సులో ఉన్న దంపతులకు కూడ సరియైన దినములలో కలిసికొన్నను ఒక నెలలో గర్భము నిలుచు అవకాశము నాలుగింట ఒక వంతు మాత్రమే. కాబట్టి రెండు నెలలు, మూడు నెలలు నిలువకపోయిన కంగారు పడనవసరము లేదు. సంవత్సరము లోపల నూరు జంటలలో సుమారు 85 జంటలకు నిలుచును. పెండ్లియైన మూడవ నెలనుండియే "విశేషమేమైనా ఉందా?" అని అడుగు పెద్దలు ఈ లెక్కను మనస్సున ఉంచుకొనవలెను. పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట చట్టమునకు విరోధము. లేత దేహమునకు కాన్పు ప్రాణాపాయము కూడ.

సంవత్సరము ప్రయత్నించినను నిలువనియెడల దంపతులిద్దరును వైద్యుని యొద్దకు పోవలెను. భార్యకు ముప్పది అయిదేండ్లు దాటిన ఆరు నెలలకే పోవలెను. బహిష్టు రెండు మూడు నెలలకొకసారి వచ్చుట, బొత్తిగా రాకుండుట, విపరీతమైన నొప్పి, గతములో క్షయవ్యాధి, ఇవి ఉన్నవారు ఆలస్యము చేయరాదు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, గర్భనాళములకును సోకి వాటిని మూసివేయును. మన దేశములో ఇది తరచుగా కనబడు కారణము. థైరాయిడ్ లోపము, అండాశయములలో నీటిబుడగలని చెప్పు సమస్య కూడ అండము విడుదలను ఆటంకపరచును. వీటికి చికిత్స ఉన్నది. దినముల లెక్క ఒక్కటే వీటిని బాగుచేయదు.

ఇద్దరును అన్నాము. ఈ మాటను గట్టిగా చెప్పుచున్నాము. సంతానము లేని జంటలలో సుమారు సగము మంది విషయమున పురుషునిలో కూడ లోపము కనబడుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. అయినను మన ఊళ్లలో గొడ్రాలు అను మాట ఉన్నది గాని పురుషునికి అట్టి మాట వాడుకలో వినము! వీర్య పరీక్ష సులభమైనది, నొప్పి లేనిది, స్త్రీకి చేయు పరీక్షలన్నిటికంటె చవకైనది. రెండు మొదలు ఏడు దినములు దూరముగా ఉండి నమూనా ఇచ్చిన చాలును. భార్యను అయిదుగురు డాక్టర్ల చుట్టు త్రిప్పి, తాను ఈ ఒక్క పరీక్షకు ఒప్పుకొనని భర్త ప్రేమగలవాడని ఎట్లు చెప్పుదుము? పొగాకు, గుట్కా, సారాయి బీజబలమును తగ్గించును. బట్టీల యొద్ద తీవ్రమైన వేడిలో పనిచేయుటయు మంచిది కాదు. పురుగుమందు చల్లు రైతులు ముఖమునకు గుడ్డ, చేతులకు తొడుగు లేకుండ చల్లరాదు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక పురుగుమందు తయారుచేయు కార్మికులు దాని వలన సంతానశక్తి కోల్పోయిరని బయటపడినది.

గర్భము కోరు స్త్రీ ముందునుండియే ఫోలిక్ ఆమ్లపు మాత్ర దినమునకు 400 మైక్రోగ్రాములు వేసికొనిన, బిడ్డ వెన్నెముకకు, మెదడుకు కలుగు లోపములు చాల వరకు తప్పును. నెల తప్పిన తరువాత మొదలుపెట్టిన కొంత ఆలస్యమగును. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడుగుడి.

మగబిడ్డ కొరకు లెక్కలు

సరి రాత్రులు, బేసి రాత్రులు అని, ఫలానా దినమున కలిసికొనిన మగపిల్లవాడు పుట్టునని చెప్పు లెక్కలను నమ్మకుడి. 1995 నాటి ఆ పరిశోధనలోనే, కలిసికొన్న దినమునకును, బిడ్డ ఆడయో మగయో అనుదానికిని సంబంధము లేదని తేలినది. కడుపులోని బిడ్డ ఏదో తెలిసికొనుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. కుమార్తెను ఇచ్చినను కుమారుని ఇచ్చినను అది ఒకే చేతినుండి వచ్చిన ఈవి.

సంఘమునకు ఒక మాట

ఇన్ని చేసినను కొందరికి సంతానము కలుగకపోవచ్చును. వారిని గూర్చి మనమెట్లు నడుచుకొనుచున్నామో పరీక్షించుకొందము. సీమంతమునకు పిలువరు. బారసాలలో ఊయల ముట్టనీయరు. పాపము చేసినది గనుక గర్భము మూయబడెనని సాక్ష్యము చెప్పువారు కూడ ఉన్నారు. హన్నా దేవాలయములో పెదవులు కదపుచుండగా ఆమె త్రాగి వచ్చినదనుకొన్నవాడు యాజకుడే అని మేమును, మా తోటి కాపరులును మరువరాదు. దుఃఖములో ఉన్న స్త్రీని అపార్థము చేసికొనుట దేవుని మందిరములోనే సులభముగా జరుగును.

భార్య ఉండగా సంతానము కొరకు మరియొకతెను తెచ్చుకొనుట క్రైస్తవ వివాహ ప్రమాణమునకు విరోధము, చట్టరీత్యా నేరము. ఆ ఆలోచన చెప్పు పెద్దమనిషి ఎంత దగ్గరి చుట్టమైనను అతనికి లొంగకుడి. పరీక్షనాళిక పద్ధతులకు పోవువారు 2021 నాటి చట్టము ప్రకారము ఆ ఆసుపత్రికి రిజిస్ట్రేషను ఉన్నదా అని అడిగి, ఖర్చంతయు ముందుగా వ్రాతపూర్వకముగా తీసికొని, పొలము అమ్మకముందు రెండవ వైద్యుని మాట కూడ వినవలెను. దత్తత కోరువారికి కూడ త్రోవ ఉన్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఏ మతస్థులైనను చట్టబద్ధముగా బిడ్డను దత్తత తీసికొనవచ్చును. అట్లు వచ్చిన బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులు కలవు.

చివరిగా దంపతులకు. దినములు లెక్కించుట మంచిదే గాని, కాపురమంతయు లెక్కగా మారనీయకుడి. "ఈ రోజు పదునాలుగవ దినము, తప్పక రావలెను" అని ఆజ్ఞ ఇచ్చినట్లు మాట్లాడుకొనిన ప్రేమ చల్లారును. తేదీని భార్య ఒక్కతే మోయనవసరము లేదు. భర్తయు ఆ చిన్న పుస్తకము చూచి, సాయంత్రము పొలము నుండి కొంచెము త్వరగా ఇల్లు చేరి, ఆమె చేతిలోని పని ఒకటి అందుకొనిన, ఆ ఇంటిలో బిడ్డ పుట్టకముందే సమాధానము పుట్టును. నెల తిరిగి బహిష్టు వచ్చిన దినమున ఆమెకు ఒక మంచి మాట కావలెను. ఆ మాట మొదట భర్త నోటనుండి రావలెను, తరువాత అత్తగారి నోటనుండి.

పేరు వ్రాయని ఆ చీటీలు పంపిన సహోదరీ సహోదరులందరిని మా ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుచున్నాము. మీ పేర్లు మాకు తెలియకపోయినను ప్రభువునకు తెలియును. సందేహములున్నవారు మీ సంఘములోని నర్సు సహోదరిని గాని, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని డాక్టరుగారిని గాని సంకోచింపక అడుగుడి.

వచ్చే మాసము ఈ శీర్షికలో గర్భిణీ స్త్రీ ఆహారమును గూర్చియు, ఆమె విషయమై ఇంటివారు తీసికొనవలసిన శ్రద్ధను గూర్చియు ఆలోచింతము. అంతవరకు దేవుని సమాధానము మీ గృహములలో నిలుచును గాక.